స్లైడు పందెం

నేనేం డాక్టరునో మా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం నాకిప్పటికీ చేతకాలేదు. నెల్లూరు పక్క వెంకటాచలం దగ్గర మా మేనత్త ఊళ్ళో ఏ పెళ్ళికి వెళ్ళినా ఈ ముచ్చట జరగాల్సిందే.

"ఏం డాక్టరువబ్బయా నువ్వు?"

"చర్మం జబ్బులు చెప్తానత్తా."

"అయితే నా మెడ మీద ఈ మచ్చకు మందు రాసియ్యి."

"మందు నేను రాయనత్తా. ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పంపిస్తే అదేందో చెప్తా."

"ముక్క తీసేది నువ్వేనా?"

"నేను కాదు, ఇంకో డాక్టరు."

"మందియ్యవు, కొయ్యవు. అన్నేళ్ళు మరేం చదివినట్టురా?" అని అత్త నవ్వితే పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. చూడడం చదివానత్తా అనాల్సింది. విస్తట్లో పప్పు చల్లారిపోతోందని ఊరుకున్నాను.

నా పని నిజంగా చూడడమే. ఎక్కడో ఒక చర్మం డాక్టరు మచ్చలోంచి కందిగింజంత ముక్క తీసి మందునీళ్ళ సీసాలో వేసి పంపిస్తారు. నెల్లూరులో మా ల్యాబులో పనిచేసే అక్క దాన్ని మైనంలో పోసి గడ్డకట్టించి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, గాజుపలక మీద పరిచి రంగులు వేస్తుంది. గులాబీ, ఊదా రంగుల్లో ఆ స్లైడు నా బల్ల మీదికి వస్తుంది. మైక్రోస్కోపులో కన్ను పెడితే అదొక దేశం. సోరియాసిస్ ఉంటే పై చర్మం కింది చర్మంలోకి దువ్వెన పళ్ళలా దిగి ఉంటుంది. లైకెన్ ప్లానస్ అనే దురద జబ్బులో అవే పళ్ళు రంపం పళ్ళవుతాయి. కుష్ఠు అయితే వాపు కణాలు నరాన్ని పట్టుకుని బారులు తీరతాయి, కాలువ వెంబడి వరిమళ్ళు సాగినట్టు. ఇన్నేళ్ళయినా ఉదయం మొదటి స్లైడు పెట్టేటప్పుడు నాకు సంబరంగానే ఉంటుంది. ఈ పనిలోకి రావాలా వద్దా అని అడిగే వైద్య విద్యార్థులకు నేను మొదట చెప్పేది ఆ సంబరం గురించే.

రెండో సంగతి మొన్నమొన్నటి దాకా చెప్పేవాణ్ణి కాదు. నేనీ పనిలోకి వచ్చింది మనుషుల నుంచి తప్పించుకోవడానికి కూడా. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఎవరైనా నా ఎదుట ఏడిస్తే ఎటు చూడాలో తెలిసేది కాదు. స్లైడు ఏడవదు. "నయమవుద్దా సార్" అని అడగదు. జబ్బు నాకు, మనిషి ఇంకొకరికి అని పంచేసుకున్నాను. ఆ పంపకం తెలివైనదని చాలాకాలం అనుకున్నాను.

ఆ ఇంకొకరు ఎక్కువగా నా పాత సహాధ్యాయిని. కావలిలో చర్మవ్యాధుల క్లినిక్ నడుపుతుంది. కాలేజీలో నా పక్క బెంచీలో కూర్చుని నా రికార్డు చూసి బొమ్మలు వేసుకున్న మనిషి, ఈరోజు ఆ ప్రాంతంలో సగం మంది ఒంటి మీద మచ్చలు గుర్తుపెట్టుకుని పలకరిస్తుంది. మా ఇద్దరికీ ఒక పందెం ఉండేది. మామూలుగా ముక్కతో పాటు రోగి వయసు, పని, మచ్చ ఎప్పటి నుంచి ఉంది, అన్నీ రాసి పంపాలి. పందెం స్లైడుకు అవేవీ రాయకూడదు. ఖాళీ కాగితం. నేను స్లైడొక్కటే చూసి జబ్బు పేరు చెప్పాలి. ఓడినవాళ్ళు ఈసారి కలిసినప్పుడు మలై కాజా తేవాలి.

ఇంకో నియమం కూడా ఉండేది, అది నేను పెట్టిందే. 'కావచ్చు' అనకూడదు. మా వృత్తిలో ప్రతి రిపోర్టు చివరా ఒక మాట ఉంటుంది: రోగిని చూసిన డాక్టరు తన పరీక్షతో దీన్ని పోల్చి చూసుకోగలరు, అని. పందెంలో ఆ మాట రాస్తే ఓడినట్టే. అది పిరికివాళ్ళ గోడ అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. కాజాలు ఎప్పుడూ ఆమే తెచ్చేది. తింటూ నేను చేసే ఉపన్యాసం వినడం ఆమెకు కాజాల కంటే భారమని ఈమధ్యనే చెప్పింది.

పోయిన ఏడాది వానలు వెనకబట్టాక ఒక పందెం స్లైడు వచ్చింది. చెయ్యి వెనకభాగం చర్మం అని మాత్రం ఉంది. చూశాను. వాపు కణాలు ఉండలు ఉండలుగా ఉన్నాయి. ఒక ఉండ మధ్యలో సన్నని నరం. కుష్ఠు సూక్ష్మజీవులు కనిపించే రంగు వేసి చూస్తే అవి కనిపించలేదు, కానీ ఈ రకం కుష్ఠులో అవి కనిపించకపోవడమే మామూలు. నాకు సందేహం రాలేదు. వచ్చి ఉంటే పందెం ఓడిపోయేవాణ్ణి.

ఎప్పుడూ పందెం స్లైడుకు ముందు ఆమెకు ఫోన్ చేసి, ఆ తర్వాత సంతకం పెట్టేవాణ్ణి. ఆరోజు ఆమె ఫోన్ ఎత్తలేదు. నేను ఆగలేదు. కుష్ఠు అని రాసి, చివరి మాట లేకుండా సంతకం పెట్టేశాను. మా ల్యాబులో సంతకం పడిన మరుక్షణం రిపోర్టు డాక్టరుతో పాటు రోగి ఫోన్‌కి కూడా వెళ్ళిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్.

"ఏందబ్బయా ఇట్టా చేసినావు? ఆ పేషెంటుకు స్పర్శ బ్రహ్మాండంగా ఉండాది. కళ్ళు మూసుకోమని దూది పోగుతో తాకితే, యాడ తాకినానో వేలు పెట్టి చూపిస్తా ఉండాది. నరాలేం ఉబ్బలేదు. కుష్ఠు ఎట్టయిద్ది?"

"స్లైడులో ఉంది," అన్నాను. గొంతు గట్టిగానే ఉంది.

"స్లైడు నీకు కనిపించింది. ఆమె నాకు కనిపిస్తా ఉండాది. మధ్యలో నీ రిపోర్టు ఊరంతటికీ కనిపించింది."

అప్పుడు చెప్పింది. ఆ రోగిది కావలికి తూర్పున సముద్రం వైపు ఊరు. అక్కడి చర్చిలో పంటల పండుగ విందు ఏటా ఆమె చేతి మీదుగానే జరుగుతుంది. పండుగంటే వాళ్ళకు, కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, పట్టిన చేపలు, ఎవరికేం పండితే అది దేవుడి ముందు పెట్టి, ఆరాధన అయ్యాక ఊరంతా కలిసి తినడం. అంత వంట పట్టే చర్చి గుండిగలు కూడా ఆమె ఇంట్లోనే ఉంటాయి. ఫోన్‌లో వచ్చిన రిపోర్టు చదివిపెట్టమని పక్కింటివాళ్ళకు ఇచ్చిందట. సాయంత్రానికి చర్చి సంఘ పెద్ద కొందరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, "ఈ యేడు రెస్టు తీసుకో అక్కా, పిల్లలు వండుకుంటార్లే" అని గుండిగలు ఎత్తుకుపోయారు. పండుగ వచ్చే ఆదివారం.

"ఆమె ఏమంది?" అని అడిగాను.

"ఏమీ అనలా. ఎప్పుడూ నోరు మూయని మనిషి ఏమీ అనలా. అందుకే నీకు ఫోన్ చేసినా. రా, వచ్చి చూసిపో."

నేను వెంటనే సరే అనలేదు. స్లైడులు చాలా ఉన్నాయన్నాను. రోగిని చూడడం నా పని కాదన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. రైలెక్కాను.

క్లినిక్‌లో నా కోసం కూర్చున్న ఆ రోగికి యాభై దాటి ఉంటాయి. ముదురాకుపచ్చ చీర, జబ్బపుష్టి గల మనిషి. నా మిత్రురాలు నన్ను చూపించి, "ఈయనేనమ్మా, నీ చెయ్యి చూసి రిపోర్టు రాసింది," అంది.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నా చెయ్యి ఈయన చూళ్ళేదుగా మేడం. చూసుంటే నాకు గుర్తుండేది."

"చేతిలోంచి తీసిన ముక్క చూశానమ్మా," అన్నాను.

"చేప ముక్క చూస్తే పులుసు ఎట్టుందో తెలిసిద్దా సార్?"

నా మిత్రురాలు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. క్షమించమని అడగడానికి అది మంచి సమయం. నోరు తెరిచాను కూడా. చెయ్యి చాపండి అని మాత్రమే అనగలిగాను.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చెయ్యి వెనకవైపు, రూపాయి బిళ్ళంత ఎర్రటి గట్టి మచ్చ. వేలితో నొక్కాను. ఎన్నాళ్ళయిందో ఒక రోగి చర్మం తాకి. వెచ్చగా ఉంది. నా బల్ల మీద చర్మం ఎప్పుడూ గాజు చల్లదనంతోనే ఉంటుంది కాబట్టి, ఇంత చిన్న విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. దాన్ని దాచుకోవడానికి ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఈ చేత్తో ఏం పనులు చేస్తారు?"

"ఏం చెయ్యనో అడగండి సార్, తొందరగా అయిపోద్ది."

"వంట గ్యాసు మీదేనా?"

"ఇంట్లో గ్యాసే. చర్చి వంట గ్యాసు మీద యాడయిద్ది? అంత అన్నం ఉడికే లోపల ఏసయ్య రెండో రాకడ వచ్చేస్తది. కట్టెల పొయ్యే."

"ఏం కట్టెలు?"

"చిల్లకంపే. మా ఊరి చుట్టూ ఇంకేముండాది?"

చిల్లకంప అంటే మా వైపు సర్కారు తుమ్మ. సముద్రపు ఇసుకలో, బీళ్ళలో, రొయ్యల చెరువుల గట్ల మీద, ఎక్కడ చూసినా అదే. ముల్లు వేలంత పొడుగు. నేను పుట్టి పెరిగింది దాని మధ్యే. చిన్నప్పుడు నా పాదాల్లోంచి మా అమ్మ తీసిన ముళ్ళన్నీ అవే.

"ఈ చోట ఎప్పుడైనా ముల్లు గుచ్చుకుందా?"

"చిల్లకంప కొట్టేటప్పుడు గుచ్చుకోకుండా ఉండిద్దా సార్? లాగేస్తాం, పోతాం. గుర్తుపెట్టుకునేదానికి అదేమన్నా మనవడి పుట్టినరోజా?"

ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. కానీ వాపు కణాలు ఉండలు కట్టేది కుష్ఠుకు మాత్రమే కాదనీ, లోపల దాక్కున్న పరాయి వస్తువు చుట్టూ కూడా అలాగే కడతాయనీ మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. ఏం పని చేస్తారని ఎవరైనా రాసి ఉంటే నేను మొదట వెతికేది దాన్నే. రాయొద్దని నియమం పెట్టింది నేనే.

మధ్యాహ్నం రైల్లో తిరిగి వచ్చాను. ఆమె ముక్కలో మేము కోసింది పైపై పొరలే. మిగతాదంతా మైనంలోనే భద్రంగా ఉంది. దాన్ని ఇంకా లోపలికి కోసి పెట్టమని ల్యాబులో అక్కను అడిగాను.

"ఆ రిపోర్టు పోయిందిగా సార్?" అంది అక్క.

"పోయింది. తప్పుగా పోయింది."

అక్క నా మొహం చూసి కోతయంత్రం ముందు కూర్చుంది.

కొత్త పలకలు ఒక్కొక్కటే చూశాను. మొదట మళ్ళీ అవే ఉండలు. తర్వాత ఉండ మధ్యలో చిన్న ఖాళీ. ఆ తర్వాతి పలకలో ఆ ఖాళీ నిండా తేనెపట్టు. గోధుమ రంగు గదులు, గది పక్కన గది, గోడ పక్కన గోడ. మనిషి ఒంట్లో అలాంటి గోడలుండవు. అవి చెట్టువి. కాంతిని వడగట్టే అద్దాలు రెండు మైక్రోస్కోపుకు తగిలించి తిప్పాను. చర్మమంతా చీకటైపోయింది. ఆ చీకట్లో తేనెపట్టు గదులు మాత్రం తెల్లగా, దీపాలు పెట్టినట్టు వెలిగాయి. నేను పెద్దగా అరిచానట. అక్క పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం వంతులవారీగా కన్ను పెట్టి చూశాం. పక్కగదిలో రక్తపరీక్షలు చేసేవాళ్ళు కూడా వచ్చి చూశారు. నా తప్పు అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు.

మొదటి స్లైడులో కనిపించిన నరం పాపం ఏమీ ఎరగదు. దారిన పోతూ గుంపులో ఇరుక్కుంది. నేను దాన్ని సాక్ష్యం అనుకున్నాను.

"దొరికింది!" అని ఫోన్‌లో చెప్పాను.

"ఏంది?"

"ముల్లు."

"ఖాయంగానేనా?"

"ఫొటోలు పంపిస్తున్నా. నువ్వు చూసి ఔనంటేనే సంతకం పెడతా."

ఆమె ఫొటోలు తెరిచి చూసింది. తర్వాత, "అబ్బయా, ఎంత బాగుండాదిరా ఇది!" అంది. నన్ను తిట్టడం ఆ క్షణానికి మర్చిపోయింది. వెంటనే గుర్తొచ్చింది. "సరే, కొత్త రిపోర్టు పంపించు. కానీ దాంతో అయిపోదు. మొదటిది ఊరంతా తిరిగింది. రెండోది ఆమె ఫోన్‌లో కూర్చోనుంటది. నువ్వే పోయి చెప్పాల."

నా మిత్రురాలు ఆ మచ్చను కోసి, లోపల మిగిలిన ముల్లు మొనను తీసేసి కట్టు కట్టింది. శనివారం మేమిద్దరం ఆ ఊరు వెళ్ళాం. చర్చి ఆవరణలో షామియానా వేస్తున్నారు. రొయ్యల చెరువులున్న ఆ సంఘ పెద్ద పాస్టరుగారితో కలిసి కుర్చీలు లెక్క చూస్తున్నాడు. నేను ఎవరినో చెప్పాను. నా రిపోర్టు తప్పని, అది ముల్లు తప్ప జబ్బు కాదని, తప్పు పూర్తిగా నాదని చెప్పాను. ఈ మాటలు రైల్లో చాలాసార్లు కూర్చుకున్నాను. అక్కడ మాత్రం అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

సంఘ పెద్ద ఓపిగ్గా విన్నాడు. "పెద్ద డాక్టర్లు మీరు. మీరు రాసినారు, మేం నమ్మినాం. ఇందులో మా తప్పేముండాది సార్?"

నా మిత్రురాలు అందుకుంది.

"అన్నా, ఈయన రాసిందే నిజమనుకో. కుష్ఠే అనుకో. మందు మొదలుపెడితే ఎవురికీ అంటుకోదు. అప్పుడైనా ఆమె వండొచ్చు, మీరు తినొచ్చు. గుండిగలు ఎత్తుకుపొమ్మని ఈయన రాయలేదుగా?"

అది నాకూ తగిలింది. రైల్లో నేను కూర్చుకున్న క్షమాపణ అంతా ఆమెకు కుష్ఠు లేదన్న దాని చుట్టూనే తిరిగింది. ఉండి ఉంటే ఆమెను పక్కన పెట్టడం సరే అన్నట్టుగా. నా సైన్సు తప్పుకు సిగ్గుపడ్డానే తప్ప, ఆమె ఇంటి ముంగిట జరిగినదాని గురించి నేను ఆలోచించనే లేదు.

సంఘ పెద్ద తల దించుకున్నాడు. పాస్టరుగారు లేచి, "ఆటో ట్రాలీ యాడుండాది? గుండిగలెక్కించండి," అన్నారు.

ట్రాలీ వెనక మేమూ నడిచి వెళ్ళాం. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. గుండిగలు దింపుతుంటే చూస్తోంది తప్ప లేవలేదు.

"అక్కా, మనసులో పెట్టుకోబాక," అన్నాడు సంఘ పెద్ద. "రేపు నువ్వే వండాల."

"ఇంత చేతికట్టుతోనా? రెస్టు తీసుకోమన్నావుగా, తీసుకుంటా ఉండా."

ట్రాలీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. నేను ముందుకు వెళ్ళి, "అమ్మా, నేను మిమ్మల్ని చూడకుండా రాశాను. తప్పు చేశాను. క్షమించండి," అన్నాను. ఈసారి మాటలు తడబడలేదు. చిన్నవి కాబట్టేమో.

ఆమె నన్ను చూసింది, సంఘ పెద్దను చూసింది, గుండిగల్లోకి తొంగి చూసింది.

"తోమకుండా తెచ్చినారే!" అంది. గొంతు తిరిగి వచ్చింది. "ఎత్తుకుపోయేదానికి అంతమంది వచ్చినారుగా, ఇప్పుడు ఒక్కరు కూడా కదలకండి. ఒరే, కత్తిపీటలు తే. ఉల్లిపాయల మూటలు ఇప్పండి. సార్, మీరు కూడా కూర్చోండి. క్షమించేది తర్వాత సంగతి, ముందు పొట్టు తీయండి."

సంఘ పెద్ద, నేను, పాస్టరుగారు, ట్రాలీ డ్రైవరు వరసగా కూర్చున్నాం. నా మిత్రురాలికి మాత్రం కుర్చీ వేయించింది. కాసేపటికి నా కళ్ళు ధారలు కట్టాయి.

"ఏడవబాకండి సార్," అంది ఆమె. "రిపోర్టు మార్చేసినారుగా."

ఊరంతా నవ్వినట్టయింది. మా అత్త పంక్తిలో నవ్విన నవ్వు కంటే అది హాయిగా ఉంది. ఇప్పుడు వారానికి ఒకరోజు నేను కావలి వెళ్ళి నా మిత్రురాలి క్లినిక్‌లో రోగుల ఎదుట కూర్చుంటున్నాను. ఎవరైనా ఏడిస్తే ఎటు చూడాలో నాకింకా సరిగ్గా తెలియదు. వాళ్ళ వైపే చూస్తున్నాను.

ఆ మర్నాడు, పండుగ ఆదివారం, కట్టు తడవకూడదు గనక ఆమె పొయ్యిల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. చిల్లకట్టెలు కణకణ మండుతున్నాయి. ఎడంచేతి వేలితో చూపిస్తూ, ఉప్పు, మసాలా, నీళ్ళు, మంట, అన్నీ అరుపులతో నడిపించింది. కోడిపలావు దిగింది. ఆరాధన అయింది. పంక్తులు కూర్చున్నాయి. అప్పుడు ఆమె లేచి గరిట అందుకోబోయింది.

"కుడిచెయ్యి వాడొద్దన్నా కదమ్మా, ఎడంచేత్తో కానియ్యి," అంది నా మిత్రురాలు.

"ఎడంచేత్తో వడ్డిస్తానా మేడం? పండగపూట?"

నా మిత్రురాలు నిట్టూర్చి సంచీలోంచి రబ్బరు తొడుగు తీసి, కట్టు మీదుగా ఆ చేతికే తొడిగింది. పలావు గంపను ఇద్దరు పట్టుకుని వెంట నడుస్తుంటే ఆమె మొదటి పంక్తి మొదటి మనిషి ముందు ఆగింది. అక్కడ సంఘ పెద్ద.

"తింటావా అన్నా, రెస్టు తీసుకుంటావా?"

"పెట్టక్కా," అన్నాడాయన, విస్తరిని రెండు చేతులతో ముందుకు జరుపుతూ.

ఒక గరిట పడింది. రెండోది పడింది. ఆయన చాలని చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యి," అని ఆమె మూడో గరిట ఎత్తింది.